పేపర్లో వచ్చే హెల్త్ సలహాలు ఎంతవరకు నమ్మొచ్చు?

కాఫీకప్పు:
అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా అడుగుదామనుకుంటున్న డౌటు. మా ఇంట్లో పేపర్ రాగానే ముందు తీసేది హెల్త్ పేజీనే, నాన్నగారు నచ్చినవి కత్తిరించి ఫైల్లో పెట్టుకుంటారు, దానికి నాకేం అభ్యంతరం లేదు కానీ ఆ ఫైల్ తిరగేస్తే ఒకదానికొకటి పొంతనే లేదు. కాఫీ లివర్‌కి మంచిది, కాఫీతో క్యాన్సర్ ముప్పు, గుడ్డు రోజూ తినొచ్చు, గుడ్డులో పచ్చసొన తీసేయాలి, ఇవన్నీ ఒకే పేపర్ కటింగులు. ఏదన్నా అంటే "అంతమంది చదివే పేపరు, ఊరికే రాస్తారా" అంటారు. తిండి వరకైతే పోనీ అనుకునేవాణ్ణి, ఇప్పుడు ఇవి చూసి మాత్రలు కూడా మార్చుకుంటానంటున్నారు. అసలు వీటిలో నిజం పాలెంత, ఎవరైనా కూర్చుని లెక్క తీశారా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నూతిలోకప్ప:
ఏదీ నమ్మొద్దు. రాశిఫలాల పక్క పేజీ అది. సింపుల్.

శారద_ఆర్:
కప్ప గారూ మరీ అంత తీసిపారేయకండి. టీకాలు, చేతులు కడుక్కోవడం, విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగించడం, ఇలాంటివి లక్షల ఇళ్ళకి చేరింది ఎలా మరి? డాక్టర్ దగ్గర మనకి దొరికేది ఐదు నిమిషాలు, ఆ ఐదు నిమిషాల్లో ఆయన ప్రిస్క్రిప్షన్ రాస్తాడా పాఠం చెప్తాడా. నాకు తెలిసి చాలామంది పెద్దవాళ్ళకి బీపీ అనేది నొప్పి లేకుండా కూడా ఉంటుందని తెలిసింది పేపర్ చదివే.

లెక్కలపిచ్చి:
లెక్క తీశారా అని అడిగారు కదా, తీశారు. బ్రిటన్లో బాగా అమ్ముడుపోయే పది పేపర్లు ఒక వారం పాటు తీసుకుని, అందులో "ఇది తింటే అది తగ్గుతుంది, అది తింటే ఇది వస్తుంది" టైపు వాక్యాలన్నీ ఏరి, ఒక్కోదానికీ అసలు ఆధారం ఏముందో వెతికి గ్రేడ్లు ఇచ్చారు. 2012లో అచ్చైంది, రాసినవాళ్ళలో చెత్త సైన్స్ వార్తల్ని ఏకిపారేసే బ్రిటిష్ డాక్టర్ బెన్ గోల్డేకర్ కూడా ఉన్నాడు. ఒక్క వారంలో 111 సలహాలు దొరికాయి, వాటిలో దాదాపు మూడింట రెండు వంతులకి జనానికి చెప్పదగ్గంత ఆధారం లేదు. అవన్నీ అబద్ధాలని కాదండోయ్, నిజమో కాదో ఇంకా తెలియని వాటిని తెలిసిపోయినట్టు రాశారని.

ఇంకోటి ఉంది, ఇది నాకు భలే ఇష్టం. 2013లో ఇద్దరు పరిశోధకులు ఒక వంటల పుస్తకం తీసి అందులోంచి లాటరీ తీసినట్టు 50 దినుసులు ఏరి, వీటికీ క్యాన్సర్‌కీ లింకు గురించి ఎవరైనా రీసెర్చ్ పేపర్లు రాశారా అని వెతికితే 40కి దొరికాయి. తగ్గిస్తుందని కొన్ని, పెంచుతుందని కొన్ని, ఒకే దినుసుకి రెండూ కూడా. వాటిలో చాలావాటికి ఆధారం బలహీనమే. ఇక హెల్త్ పేజీకి సరుకు కొదవేముంది చెప్పండి.

కాఫీకప్పు:
111లో మూడింట రెండు వంతులా!! మరి మా కాఫీ సంగతేంటి, అది కూడా అలాంటిదేనా?

లెక్కలపిచ్చి:
కాఫీది వేరే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఐఏఆర్‌సీ అని క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకటుంది, 1991లో వాళ్ళే కాఫీని మూత్రాశయ క్యాన్సర్ విషయంలో "కారణం కావచ్చు" అనే లిస్టులో పెట్టారు. 2016లో మళ్ళీ చూసి, ఆధారం చాలదని ఆ లిస్టులోంచి తీసేశారు. అంటే మీ ఫైల్లో ఆ క్యాన్సర్ కటింగ్ దాని టైమ్‌కి గాల్లోంచి పుట్టింది కాదు. అదే 2016లో వాళ్ళు చెప్పిన ఇంకో మాట, 65 డిగ్రీలు దాటిన వేడివేడి పానీయం ఏదైనా అన్నవాహిక క్యాన్సర్‌కి కారణం అయ్యే వీలుందని. వేడి గురించి చెప్పారు, కాఫీ టీల గురించి కాదు, కానీ చాలాచోట్ల హెడ్డింగ్ "టీతో క్యాన్సర్" అని వచ్చింది.

ఈ ఐఏఆర్‌సీ లిస్టుల్లో ఇంకో తిరకాసు. 2015 అక్టోబర్లో బేకన్, సాసేజ్ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని గ్రూప్ 1లో పెట్టారు, పొగాకు ఉన్న గ్రూపే అది. వెంటనే "సిగరెట్‌తో సమానం" అని హెడ్డింగులు. ఆ గ్రూపులు చెప్పేది ఆధారం ఎంత గట్టిదో, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్క్ 18 శాతం పెరుగుతుందని వాళ్ళ లెక్క.

కాఫీకప్పు:
18 శాతం అంటే తక్కువా అండీ, వందలో పద్దెనిమిది మంది అంటే...

లెక్కలపిచ్చి:
అక్కడే అందరూ పడిపోయేది, పేపర్ కూడా అక్కడే వదిలేస్తుంది. వందలో 18 మంది కాదు. మామూలుగా జీవితం మొత్తంలో వందమందిలో ఓ ఆరుగురికి ఆ క్యాన్సర్ వస్తుందనుకోండి, ఆ ఆరు మీద 18 శాతం, అంటే దాదాపు ఏడుగురు. వందమంది జీవితాంతం రోజూ తింటే ఒకరు ఎక్కువ. తేలిగ్గా తీసుకోమనట్లేదు, దేశం మొత్తం మీద చూస్తే అది పెద్ద సంఖ్యే. కానీ "18 శాతం" అని చదివినవాడి బుర్రలో పడే బొమ్మ వేరు, "ఆరు నుంచి ఏడు" అని చదివినవాడి బుర్రలో పడే బొమ్మ వేరు. రెండు లాటరీ టికెట్లు కొంటే గెలిచే ఛాన్స్ డబుల్ అవుతుంది, వంద శాతం పెరిగింది, కానీ ఎవడూ ఉద్యోగం మానెయ్యడు కదా.

దీనివల్ల నిజంగా ప్రమాదం జరిగిన కేసు చెప్తా. 1995లో బ్రిటన్లో కొత్తరకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని అక్కడి మందుల భద్రతా కమిటీ హెచ్చరిక పంపింది, పేపర్లు టీవీలు ఎత్తుకున్నాయి. రెట్టింపు నిజమే. 7000 మందిలో ఒకరు కాస్తా ఇద్దరయ్యారు. కానీ ఆ "రెట్టింపు" చూసి ఆడవాళ్ళు భయపడి మాత్రలు ఆపేశారు, మరుసటి ఏడాది ఇంగ్లాండ్ వేల్స్‌లో అబార్షన్లు దాదాపు 13,000 పెరిగాయి. ఘోరం ఏంటంటే గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల ముప్పు కంటే ఎక్కువ.

పాతడెస్క్:
కొన్నేళ్ళు ఒక పేపర్ ఫీచర్స్ డెస్క్‌లో చేశా, పేరు అడక్కండి. బయటినుంచి చూస్తే ఎవరో కూర్చుని కావాలని అబద్ధాలు రాస్తున్నారనుకుంటారు. అంత సీన్ లేదు. జరిగేది ఇది.

పేజీ ఖాళీ ఉండకూడదు. ఆ వారం వైద్యరంగంలో చెప్పుకోదగ్గది ఏం జరిగినా జరక్కపోయినా పేజీ వెళ్ళాలి. వార్తా ఏజెన్సీ నుంచి ఒక కాపీ వస్తుంది, ఆరొందల పదాలు. యాడ్ పడ్డాక నాకు మిగిలిన జాగా నూట ఇరవై పదాలు. ఏజెన్సీ కాపీ రాసే పద్ధతే ముఖ్యమైంది పైన, మిగతాది కిందికి, చోటు చాలకపోతే కిందనుంచి కోసుకోమని. మరి కింద ఏం ఉంటుంది? "ఈ ప్రయోగం ఎలుకల మీద జరిగింది", "పాల్గొన్నది ఇరవై మందే", "ఖర్చు భరించింది ఫలానా కంపెనీ", "మనుషుల్లో ఇంకా తేలాలి అని ఇందులో లేని మరో నిపుణుడు అన్నారు". ముందు కత్తెర పడేది వాటికే. పైన మిగిలేది "తగ్గిస్తుంది" అన్న ఒక్క ముక్క. తర్వాత హెడ్డింగ్ పెట్టేది నేను కాదు, పేజీ పెట్టే ఇంకొకాయన, ఆయనకి మూడు పదాలకే చోటు, "మతిమరుపుకి చెక్!" అని కొట్టి పంపేస్తాడు. ఈ గొలుసులో ఎవరూ అబద్ధం ఆడలేదు చూడండి, చివరికి అచ్చైంది మాత్రం అబద్ధం.

హెల్త్ పేజీ చూసే మనిషికి సైన్స్ డిగ్రీ ఉండాలని రూలేం లేదు, ఆ మనిషే సినిమా పేజీకి కూడా సాయం పట్టాలి. ఆ రీసెర్చ్ పేపర్ తెరిచి చూసే టైమ్ ఉంటే గొప్పే.

లెక్కలపిచ్చి:
డెస్క్ గారు చెప్పినదానికి ముందు గొలుసు ఇంకోటి ఉంది, యూనివర్సిటీ ప్రెస్‌నోట్. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, 20 పెద్ద యూనివర్సిటీలు ఇచ్చిన 462 ప్రెస్‌నోట్లు, వాటి మీద వచ్చిన 668 వార్తలు పక్కపక్కన పెట్టి చూశారు. 40 శాతం ప్రెస్‌నోట్లలోనే అసలు రీసెర్చ్ పేపర్‌లో లేని సలహా, లేదా ఉన్నదాన్ని సాగదీసిన సలహా ఉంది. ప్రెస్‌నోట్ సాగదీస్తే వార్తల్లో 58 శాతం సాగదీశాయి, ప్రెస్‌నోట్ శుభ్రంగా ఉంటే 17 శాతమే. అంటే మనం విలేకరిని తిడుతున్నాం కానీ సగం ఉప్పూకారం ముందే వేసి పంపుతున్నారు. ఇంకో తమాషా, ఎక్కువ చేసి రాసిన నోట్‌కి ఎక్కువ కవరేజ్ వచ్చిందా అంటే అలా ఆధారం పెద్దగా కనపడలేదు. ఉత్తపుణ్యానికే సాగదీశారన్నమాట.

నూతిలోకప్ప:
అందుకే అన్నా. రాశిఫలాల పక్క పేజీ.

శుభోదయం_77:
షుగర్ ఉన్నవాళ్ళు దిగులు పడకండి, మా దగ్గర వంశపారంపర్య
[ఈ పోస్టు తీసేశాం. అమ్మకాలు ఇక్కడ కాదు, ఇంకోసారి పెడితే ఐడీ బ్లాక్. - నిర్వాహకులు]

పాతడెస్క్:
హహ సరైన టైమ్‌కి వచ్చాడు. ఇలాంటివే పేపర్లో వస్తే నిర్వాహకులు తీయరు, డబ్బు తీసుకుని వేస్తారు. మామూలు వార్త అచ్చు, మామూలు వార్త ఫాంట్, పై మూలన చీమ తలకాయంత అక్షరాల్లో "ప్రకటన" అనో "స్పాన్సర్డ్" అనో ఉంటుంది. ఒక్కోసారి అదీ కనపడదు. కాఫీకప్పు గారూ మీ నాన్నగారి ఫైల్ ఓసారి ఆ మూల చూడండి, కత్తిరించేటప్పుడు ఆ మూల పోయి ఉంటుంది కూడా.

మల్లెతీగ:
నేను గీ ముచ్చటంత చదువుతున్న, ఒకటి అడుగుత. డాక్టరే సొంతంగ రాసిన కాలమ్ అయితె? పైన ఫోటో, కింద డిగ్రీలు, ఏ దవాఖానల చేస్తడో అన్నీ ఉంటయి. మా అత్తమ్మ గవే చదువుతది, పెద్ద పెద్ద డాక్టర్లు రాసినయి నమ్మకపోతె ఇగ ఎవలను నమ్మాలె అంటది. ఆమెకు ఏం చెప్పాలె నేను?

గోళీలడబ్బా:
మందుల షాపులో కౌంటర్ మీద ఉంటా నేను, మల్లెతీగ గారికి నాకు తెలిసింది చెప్తా. డాక్టర్ కాలమ్ మిగతావాటికంటే మేలే, అందులో అనుమానం లేదు, అందులోనూ తన స్పెషాలిటీ గురించి రాస్తే. ఎముకల డాక్టర్ మోకాళ్ళ గురించి రాస్తే చదవండి, అదే ఎముకల డాక్టర్ విటమిన్లతో మెదడు చురుకు అని రాస్తే ఆయనా మనలాగే ఎక్కడో చదివి రాసినట్టు. రెండోది, ప్రశ్న జవాబు కాలమ్‌లో ఆయన ఆ మనిషిని చూడలేదు, నాలుగు లైన్ల ఉత్తరం చూశాడంతే. "నాకు కాళ్ళు వాస్తున్నాయి, వయసు 58" అంటే కారణం గుండె కావచ్చు కిడ్నీ కావచ్చు వాడుతున్న బీపీ మాత్రే కావచ్చు. అమ్లోడిపిన్ వేసుకునే వాళ్ళలో కొందరికి కాళ్ళు వాస్తాయి, అది ఉత్తరంలో రాయకపోతే ఆయనకెలా తెలుస్తుంది. మంచి డాక్టర్ "వెళ్ళి చూపించుకోండి" అని రాస్తాడు, ఆ జవాబు చదవడానికి బోర్‌గా ఉంటుంది, కానీ కరెక్ట్ జవాబు అదే.

నా బాధ వేరే. పేపర్లో ఏదైనా మాత్ర గురించి చెడ్డగా వస్తే మర్నాడే కౌంటర్ దగ్గర తెలుస్తుంది. "ఇది వద్దు, మిగతావి ఇవ్వండి" అంటారు. ఎందుకండీ అంటే పేపర్లో వచ్చింది అంటారు. డాక్టర్‌కి చెప్పారా అంటే చెప్పరు, తిడతాడని భయం. తర్వాత వెళ్ళినప్పుడు బీపీ పెరిగిందని డాక్టర్ ఇంకో మాత్ర కలుపుతాడు, అసలు మొదటిది వేసుకోవట్లేదని ఆయనకి తెలీదు. కొత్త మందు మొదలుపెట్టమని పేపర్ చెప్తే ఎలాగూ నా దగ్గరికో డాక్టర్ దగ్గరికో రావాలి. ఆపడానికి ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు కదా, అదీ నా భయం.

లెక్కలపిచ్చి:
గోళీలడబ్బా గారు కౌంటర్‌లో చూసింది అంకెల్లో కూడా దొరుకుతుంది. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే స్టాటిన్ మాత్రల దుష్ప్రభావాల మీద 2013 చివర్లో బ్రిటన్లో పెద్ద గొడవ నడిచింది, నెలల తరబడి పేపర్లలో అదే. 2016లో వచ్చిన స్టడీ ప్రకారం ఆ రోజుల్లో, ముందునుంచీ వేసుకుంటున్నవాళ్ళు ఆపేయడం 11, 12 శాతం పెరిగింది, దేశం మొత్తం మీద 2 లక్షలమంది పైగా ఆపి ఉంటారని అంచనా. వాళ్ళలో ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళూ ఉన్నారు, ఆ మాత్రతో ఎక్కువ లాభం పొందేది వాళ్ళే. గమ్మత్తేంటంటే ఆ గొడవకి మొదలైన రెండు వ్యాసాల్లో దుష్ప్రభావాల అంకె తప్పుగా ఉందని, వాటిని వేసిన బ్రిటిష్ మెడికల్ జర్నలే తర్వాత సవరణ వేసింది. సవరణ ఎంతమంది చదివారు? ఆపేసినవాళ్ళు మాత్రం ఆపేశారు.

దారితప్పినవాడు:
అందరూ పేపర్ని వాయించేస్తున్నారు కానీ బ్రో, మాట మార్చేది సైంటిస్టులు కాదా? నిన్న మంచిదన్నది ఇవ్వాళ చెడ్డదంటారు. క్యారెట్లలో ఉండే బీటా కెరోటిన్ క్యాన్సర్ రాకుండా కాపాడుతుందని ఎన్నేళ్ళు చెప్పారు, తర్వాత ఫిన్లాండ్‌లో 29 వేలమంది పొగతాగే మగాళ్ళకి ఇచ్చి చూస్తే 1994లో బయటపడింది, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా పెరిగింది. గుడ్లలో కొలెస్ట్రాల్ అని అమెరికావాళ్ళు రోజుకి 300 మిల్లీగ్రాములు దాటొద్దని దశాబ్దాలు చెప్పి 2015 తర్వాత గైడ్‌లైన్స్‌లో ఆ అంకె ఎత్తేశారు. పేపర్ ఏం చేస్తుంది పాపం, వాళ్ళు చెప్పిందే రాసింది. పోస్ట్‌మ్యాన్‌ని కొడితే ఏం లాభం.

లెక్కలపిచ్చి:
సగం ఒప్పుకుంటా. సైన్స్ మాట మార్చుకోవడం దాని పని, మార్చుకోకపోతేనే భయపడాలి. కానీ పేపర్ అన్ని ఉత్తరాలూ తేవట్లేదు కదా. మొదటిసారి వచ్చిన సంచలనం స్టడీని వేస్తుంది, తర్వాత పెద్ద స్టడీలో అది తేలిపోతే ఆ ఉత్తరం తేదు. దీన్నీ కొలిచారు, 2017లో ఫ్రాన్స్ వాళ్ళ స్టడీ, పేపర్లకెక్కిన 156 పరిశోధనలు తీసుకుని తర్వాత వచ్చిన పెద్ద విశ్లేషణలతో పోల్చి చూస్తే నిలబడినవి సగం లోపే, 48.7 శాతం. తేలిపోయాయన్న సంగతి మళ్ళీ పేపర్లో వచ్చింది చాలా తక్కువ. అందుకే కాఫీకప్పు గారి నాన్నగారి ఫైల్లో మొదటి కబుర్లే ఉంటాయి, చివరి కబుర్లు ఉండవు. ఆ ఫైల్ పాతబడేకొద్దీ దాని విలువ పడిపోతుంటుంది.

ఇంకా ముందే రాసేస్తారు కొన్ని, స్టడీ పూర్తిగా అచ్చవ్వకుండానే, కాన్ఫరెన్స్‌లో పది నిమిషాలు చదివినదాన్ని పట్టుకుని. కాన్ఫరెన్సుల్లో చదివినవాటిలో తర్వాత పూర్తి పేపర్‌గా అచ్చయ్యేవి పదిలో నాలుగు కూడా ఉండవు. మిగతావి ఏమయ్యాయో దేవుడికెరుక.

పాతడెస్క్:
సంచలనం అంటే గుర్తొచ్చింది, చాక్లెట్ కథ ఎవరూ చెప్పలేదేంటి. 2015లో జాన్ బొహానన్ అనే సైన్స్ జర్నలిస్టు జర్మనీ టీవీవాళ్ళతో కలిసి కావాలనే ఒక చెత్త స్టడీ చేశాడు. పదిహేను మంది జనం, మూడు వారాలు, బరువు, కొలెస్ట్రాల్, నిద్ర అంటూ 18 రకాల కొలతలు. ఇంత తక్కువమంది మీద అన్ని కొలిస్తే ఏదో ఒకటి అదృష్టవశాత్తూ కలిసొస్తుంది, ఏది కలిసొస్తే అదే హెడ్డింగ్. కలిసొచ్చింది బరువు. చాక్లెట్ తింటే బరువు తొందరగా తగ్గుతుందని, డబ్బు కడితే వేసే జర్నల్లో వేయించి, ఆకర్షణీయంగా ప్రెస్‌నోట్ రాసి వదిలాడు. యూరప్‌లో బాగా అమ్ముడుపోయే జర్మన్ పేపర్ బిల్డ్ నుంచి మొదలుపెట్టి ఎన్నో దేశాల్లో అచ్చైంది. ఎంతమంది మీద చేశారు అని ఒక్కళ్ళు అడిగుంటే కథ అక్కడే ఆగిపోయేది. నా సీట్లో ఉన్నవాళ్ళు అడగలేదు, అదీ విషయం.

మల్లెతీగ:
గట్లయితె పేపర్లే బంజేసుకోవాల్నా ఇగ

శారద_ఆర్:
అదే నేనూ అంటున్నా మల్లెతీగ గారూ. మీరంతా ఒక వైపే లాగుతున్నారు. థాలిడోమైడ్ సంగతి మర్చిపోయారా? గర్భిణులకి వేవిళ్ళు తగ్గడానికి ఇచ్చిన మాత్ర, పిల్లలు చేతులు కాళ్ళు సరిగా లేకుండా పుట్టారు. విడుకిండ్ లెంజ్ అనే పిల్లల డాక్టర్ దీనికి ఆ మందే కారణమని కంపెనీకి చెప్తే వాళ్ళు సాగదీస్తూ కూర్చున్నారు. 1961 నవంబర్ 26న ఒక జర్మన్ ఆదివారం పేపర్ ఆ అనుమానాన్ని అచ్చేసింది, మర్నాడే కంపెనీ మందుని జర్మనీ మార్కెట్ నుంచి తీసేసింది. తర్వాత పదేళ్ళకి బ్రిటన్లో ఆ పిల్లలకి సరైన పరిహారం కోసం పోరాడింది కూడా ఒక పేపరే, సండే టైమ్స్. పేపర్ లేకపోతే ఇంకెంతమంది పిల్లలు అలా పుట్టేవారో.

దారితప్పినవాడు:
శారదక్కా సూపర్ పాయింట్. దీనికి ఏమంటారు లెక్కల మాస్టారూ?

లెక్కలపిచ్చి:
ఏమంటాను, నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ చూడండి, అది హెల్త్ పేజీలో వచ్చింది కాదు. అది వార్త. ఎవరో దాస్తున్నదాన్ని బయటికి లాగారు, పేర్లు పెట్టి, డాక్టర్‌ని అడిగి, కంపెనీని నిలదీసి. అలాంటి పనిలో పేపర్‌ని మించింది లేదు. ఆస్పత్రిలో ఏం జరుగుతోంది, ఏ మందు వెనక్కి పిలిచారు, ఏ జ్వరం ఎక్కడ వ్యాపిస్తోంది, టీకా ఎప్పుడు ఎక్కడ వేస్తారు, ఇవన్నీ నేను పేపర్లో చదివే నమ్ముతా. "మీరు పొద్దున లేచి ఏం తినాలి" అనే దగ్గరికొచ్చేసరికే దాని కాళ్ళు తడబడతాయి, ఎందుకంటే అక్కడ నిలదీయడానికి ఎవరూ లేరు, కాపీ వచ్చింది, కోశారు, వేశారు. ఒకే పేపర్, రెండు రకాల పనులు. మొదటి పేజీ మీద ఉన్న నమ్మకాన్ని తీసుకెళ్ళి పన్నెండో పేజీ మీద పెట్టేస్తున్నాం మనం.

పాతడెస్క్:
ఇది ఒప్పుకుంటా. మొదటి పేజీ వార్త తప్పయితే ఎడిటర్‌కి ఫోన్లు, కేసులు, నోటీసులు. హెల్త్ చిట్కా తప్పయితే ఎవరూ ఫోన్ చేయరు. నేనున్నన్నాళ్ళూ చిట్కా మీద సవరణ వేసిన గుర్తు లేదు, పజిల్‌లో గడి తప్పయితే మాత్రం ఫోన్లు మోగిపోయేవి.

శారద_ఆర్:
సరే ఈ తేడా నాకు నచ్చింది. కానీ సరిగ్గా రాసినా జనం సరిగ్గా అర్థం చేసుకుంటారని గ్యారంటీ ఏంటి? 2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ న్యూయార్క్ టైమ్స్‌లో తన సర్జరీ గురించి రాసింది గుర్తుందా, తనకి బీఆర్‌సీఏ జన్యులోపం ఉందని, రొమ్ము క్యాన్సర్ ముప్పు 87 శాతమని డాక్టర్లు చెప్పారని, అలాంటి లోపం కొద్దిమందికే ఉంటుందని కూడా తనే స్పష్టంగా రాసింది. రాసిన రెండు మూడు వారాల్లో అమెరికాలో ఆ టెస్టులు 64 శాతం పెరిగాయి. తర్వాత సర్వే చేస్తే ఆ కథ నలుగురిలో ముగ్గురికి తెలుసు, కానీ ఆమెకీ మామూలు ఆడవాళ్ళకీ ముప్పులో తేడా ఎంతో చెప్పగలిగినవాళ్ళు పదిమందిలో ఒకరు కూడా లేరు. ఇందులో పేపర్ తప్పేం లేదు. మనకీ కొంచెం చదవడం రావాలి.

కాఫీకప్పు:
అది ఎలా నేర్చుకోవాలో చెప్పండి మరి, నేను అడిగిందే అది. నాన్నగారికి ఇంత పెద్ద చర్చ చదివి వినిపించలేను, రెండు మాటల్లో కావాలి.

లెక్కలపిచ్చి:
రెండు మాటల్లో కుదరదు గానీ ట్రై చేస్తా. అమెరికాలో హెల్త్‌న్యూస్‌రివ్యూ అని ఒక సైట్ ఉండేది, గ్యారీ ష్విట్జర్ అనే పాత జర్నలిస్టు 2006లో మొదలుపెట్టాడు, వచ్చిన హెల్త్ వార్తల్ని పది ప్రశ్నలు పెట్టి మార్కులు వేసేవాళ్ళు. ఖర్చెంత, నష్టమేంటి, లాభం అంకెల్లో ఎంత, ఆధారం ఎలాంటిది, దీనికి బదులు ఇంకేం దారులున్నాయి, ఇలా. మొదటి 500 వార్తలు చూస్తే ఈ ఐదు విషయాల్లో ఒక్కోదాన్ని సరిగ్గా చెప్పనివి 62 నుంచి 77 శాతం. డబ్బుల్లేక 2018 ఆఖర్న ఆపేశారు, పాపం మంచి పని.

నేను చూసేది మాత్రం ముందు మనుషులా ఎలుకలా. మనుషులైతే ఎంతమంది, ఎన్నాళ్ళు. ఆ తర్వాత అసలైంది, ఏం కొలిచారు అని. "రక్తంలో ఫలానా పదార్థం తగ్గింది" అంటే జబ్బు తగ్గినట్టు కాదు, గుండెపోట్లు తగ్గాయా, మనుషులు ఎక్కువకాలం బతికారా అన్నది వేరే ప్రశ్న, చాలా స్టడీలు అక్కడిదాకా వెళ్ళవు. ఇంకోటి, జనాన్ని రెండు గుంపులుగా చీటీలు తీసినట్టు విడగొట్టి ఒక గుంపుకి ఇచ్చి చూశారా, లేక ఎవరికి వాళ్ళు తింటున్నది అడిగి రాసుకున్నారా. రెండోదైతే కొంచెం ఆగండి, ఎందుకంటే మంచి తిండి తినేవాడు సాధారణంగా నడుస్తాడు కూడా, సిగరెట్ తాగడు, డబ్బు కూడా కాస్త ఉంటుంది, ఆరోగ్యం దేనివల్ల వచ్చిందో ఎవరు చెప్తారు.

గోళీలడబ్బా:
నాన్నగారికి చెప్పాల్సింది నేను ఒక్క ముక్కలో చెప్తా. తిండి గురించి వచ్చినవి కత్తిరించుకోమనండి, పాటించినా పెద్ద ప్రమాదం లేదు, అతి చేయకపోతే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం అదీ అడిగే చేయాలి, పొటాషియం లాంటివి వాళ్ళకి పడవు. మాత్ర ఆపడం, తగ్గించడం, కొత్త సప్లిమెంట్ కలపడం, ఈ మూడూ కటింగ్ చూసి చేయొద్దు. ఆ కటింగ్ జేబులో పెట్టుకుని డాక్టర్ దగ్గరికే తీసుకెళ్ళమనండి. నవ్వుతాడేమో అని మొహమాటపడొద్దు, చెప్పకుండా ఆపేసేవాళ్ళకంటే కటింగ్ తెచ్చి చూపించేవాళ్ళే ఏ డాక్టర్‌కైనా మేలు. రక్తం పలచబడే మందులు వార్ఫరిన్ లాంటివి వేసుకునేవాళ్ళయితే మరీ జాగ్రత్త, కొన్ని మూలికలు విటమిన్లు దానితో పడవు, రక్తస్రావం దాకా పోతుంది.

మల్లెతీగ:
జేబుల పెట్టుకొని పోవుడు మంచిగుంది. అత్తమ్మకు గట్లనే చెప్త, డాక్టర్‌కే చూపియ్యి అంట. ఆమెకు డాక్టర్‌తోని ముచ్చట పెట్టుడంటె మస్తు ఇష్టం.

కాఫీకప్పు:
చాలా థ్యాంక్స్ అందరికీ. ఒక్క చివరి డౌటు, ఇవ్వాళ్టి పేపర్లో "రోజూ నడిస్తే మతిమరుపు రాదు" అని వచ్చింది. ఇందులో తప్పేముంది, నడక మంచిదే కదా?

లెక్కలపిచ్చి:
నడక మంచిదే, ఆపమని చెప్పకండి, బీపీకి షుగర్‌కి గుండెకి లాభం అని గట్టి ఆధారాలున్నాయి. మతిమరుపు దగ్గర మాత్రం చిక్కుంది. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల్ని పదివేలమందిని సగటున 27 ఏళ్ళు వెంబడించిన స్టడీ 2017లో అచ్చైంది, మధ్యవయసులో ఎంత చురుగ్గా ఉన్నారన్నదానికీ తర్వాత డిమెన్షియా రావడానికీ సంబంధం దొరకలేదు. కానీ డిమెన్షియా వచ్చినవాళ్ళు రోగం బయటపడడానికి ఓ తొమ్మిదేళ్ళ ముందునుంచే నడక లాంటి శారీరక శ్రమ తగ్గించేశారు. అంటే నడవనందుకు జబ్బు వచ్చిందనలేం, జబ్బు లోపల మొదలై నడక తగ్గి ఉండొచ్చు. నాలుగైదేళ్ళే చూసిన స్టడీ అయితే ఇది తిరగబడి కనిపిస్తుంది. ఇవ్వాళ్టి వార్తలో ఎన్నేళ్ళు చూశారో రాశారా?

కాఫీకప్పు:
లేదండీ. ఏదో యూనివర్సిటీ పేరు ఒక్కటే ఉంది, "పరిశోధకులు అంటున్నారు" అని.

లెక్కలపిచ్చి:
ఆ యూనివర్సిటీ పేరు, జబ్బు పేరు, ఈ సంవత్సరం కొట్టి పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధనలు వెతుక్కునే ఫ్రీ సైట్) వెతకండి, సారాంశం ఫ్రీగానే చదవొచ్చు, ఎంతమంది ఎన్నేళ్ళు అన్నవి అందులోనే ఉంటాయి. దొరక్కపోతే అసలింకా అచ్చవ్వలేదేమో, కాన్ఫరెన్స్‌లో చదివిందై ఉండొచ్చు. లింక్ దొరికితే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.